అద్దెదారుల ధరావతు: యజమానుల ధర్మము

(సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)

  

 34 సంవత్సరములు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న మావంటివారిని పిలిచినప్పుడు, విద్యనుగూర్చియో భాషనుగూర్చియో పూర్వుల మహిమనుగూర్చియో చెప్పుదురని సభవారు తలంచుట సహజము. మేమును మొదట నట్లే తలచితిమి. కాని గత మాసమున మన సంఘ కార్యవర్గ సమావేశమున వినిన యొక మాట మా మనస్సును వేరొక విషయముపై నిలిపినది. అద్దె యిండ్లకును దుకాణములకును యజమానులు ముందుగ పుచ్చుకొను ధరావతే యా విషయము. వాడుకలో దానిని అడ్వాన్సు అందురు. ఈ యుపన్యాసమున ధరావతు అనియే వ్యవహరింతుము.

విషయము చిన్నదిగ తోచవచ్చును. కాని ఈ సభలో కూర్చున్నవారిలో ఎందరికో అద్దెలే జీవనాధారము. పెద్దలు కష్టపడి కట్టిన యిల్లో, బజారులోని రెండు గదులో మన పిల్లల చదువులను గడపినవి. మనలో మరికొందరు, విశేషించి పట్టణములకు పోయిన యువకులు, తామే యద్దెదారులు. కావున ఇది మనవారికిని పరులకును నడుమ తగవు గాదు. ఒకే కుటుంబమున తండ్రి యజమాని, కుమారుడు అద్దెదారు.

కార్యవర్గ సమావేశమున జరిగిన దానిని దాచక చెప్పెదము. మన సంఘ భవనమును పడగొట్టి క్రొత్తగ కట్టవలయునని సంకల్పము కలిగినది. మంచి సంకల్పమే. పై అంతస్తున సభాశాల, క్రింద వీథివైపున 8 దుకాణములు కలవు. 1988లో భవనము కట్టినప్పటినుండియు వాటిలో కొందరు వ్యాపారులు కదలక యున్నారు. వారిని ఖాళీ చేయింపవలసియున్నది. అప్పుడొక సభ్యుడు, వారిచ్చిన ధరావతుల సంగతి యేమని యడిగెను. దానికి వేరొకరు, ఇన్నియేండ్లు తక్కువ యద్దెకు అనుభవించినవారికి ఇంక ధరావతేమిటని నవ్వుచు బదులిచ్చిరి. నలుగురును నవ్విరి. అంతటితో నా ప్రస్తావన ముగిసినది. మేమును అచ్చటనే యుండి మౌనము వహించితిమి. ఆ మౌనము తప్పని యింటికి పోయిన పిమ్మట తెలిసినది. నేటి యీ మాటలు ఆ తప్పును దిద్దుకొనుటకే.

మేము చెప్పదలచినది ఒక్కటే. ధరావతు యజమాని సొమ్ము గాదు. అద్దెదారు ఎన్నియేండ్లున్నను, ఎంత తక్కువ యద్దె యిచ్చినను, రసీదు పోయినను, ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును గతించినను, అది యజమాని సొమ్ము గానేరదు. కాలము గడచినకొలది దానిని కాపాడు బాధ్యత పెరుగునే గాని తరుగదు.

పరులకు నీతి చెప్పుటకు ముందు మా యింటి సంగతి చెప్పుట న్యాయము. మా తండ్రిగారు 1979లో మా యింటి ముందుగది నొక దర్జీకి నెలకు 100 రూపాయల యద్దెకిచ్చి, 6 నెలల యద్దె, అనగా 600 రూపాయలు, ధరావతుగా పుచ్చుకొనిరి. రసీదు లేదు. ఆ కాలమున మాటయే రసీదు. 1994లో మా తండ్రిగారు స్వర్గస్థులైరి. మరుసటి సంవత్సరము అన్నదమ్ములము ముగ్గురము ఆస్తి పంచుకొంటిమి. పొలము, ఇల్లు, వెండి పాత్రలు, తుదకు రుబ్బురోలు సైతము పంపకపు కాగితమున కెక్కినవి. దర్జీ ధరావతు మాత్రము ఎక్కలేదు. ఇల్లు మా వంతునకు వచ్చినది.

2006లో ఆ దర్జీ తన కుమారుని వద్దకు పోవుచు గది ఖాళీ చేసెను. తాళపుచెవి చేతికిచ్చి, “మాష్టారూ, తండ్రిగారి దగ్గర నుంచిన సొమ్ము…” అని సగములో నాపెను. మేము తండ్రిగారి చిట్టా వెదకితిమి. అందు ఆ పద్దు లేదు. సోదరులకు వార్త పంపగా, రసీదు చూపుమనుడని జవాబు వచ్చినది. అప్పుడు మా తల్లిగారు వంటయింటినుండి వెలుపలికి వచ్చి, “రసీదెందుకురా! ఆ డబ్బుతోనే మీ నాన్న ఈ వంటయింటికి పెంకు వేయించారు. పైకి చూడు, రసీదు అక్కడ ఉన్నది” అనిరి. మేము సిగ్గుపడి 600 రూపాయలు లెక్కించి యిచ్చితిమి. ఆయన కండ్ల కద్దుకొని పుచ్చుకొని పోయెను.

ఋణము తీరినదని మేము సంతోషించితిమి. ఆ రాత్రి మా తల్లిగారు మరల, “ఆ డబ్బుతో అతను రెండో మిషను కొనుక్కోవాలనుకొన్నాడు. గది కావలసి ఇక్కడ ఇచ్చాడు” అనిరి. ఆ మాటతో మాకు నిద్ర పట్టలేదు. మరునాడు కాగితము తీసి లెక్కకట్టితిమి. 600 రూపాయలు సాలుకు నూటికి 6 వంతున చక్రవడ్డీతో 27 సంవత్సరములకు 2,893 రూపాయలగును. మే మిచ్చినది అందులో అయిదవవంతు మాత్రమే. మిగిలిన సొమ్మును తీసికొని ఆయన కుమారుని యింటికి పోయితిమి. ఆయన పుచ్చుకొని, మేము వలదన్నను వినక, చిన్న కాగితముపై మొత్తము ముట్టినదని వ్రాసి సంతకము చేసి యిచ్చెను. మా తండ్రిగారు ఇయ్యని రసీదును ఆయన మాకిచ్చెను. ఆ కాగితమును నేటికిని భద్రపరచియున్నాము.

ఈ వృత్తాంతమును మా గొప్పకొరకు చెప్పలేదు. మా తల్లిగారు జీవించి యుండనిచో ఆ 600 రూపాయలును మేము ఇయ్యకపోయెడివారము. ఒక వృద్ధురాలి జ్ఞాపకశక్తిపై నాధారపడిన ధర్మము ధర్మమని చెప్పుట కష్టము. అందుచేతనే ధరావతు విషయమున మనకొక నియమము కావలయును.

మన పూర్వులు ఈ నియమమును ఎరుగనివారు కారు. ధర్మశాస్త్రములందు వ్యవహారపదములు, అనగా తగవులకు మూలమైన విషయములు, 18గా మనువు లెక్కించెను. వాటిలో మొదటిది ఋణాదానము, అనగా అప్పు తీర్చకపోవుట. రెండవది నిక్షేపము, అనగా నమ్మి యొకరిచేతి కిచ్చిన సొమ్ము. సరిహద్దు తగవులు, దొంగతనములు, దాయభాగములు అన్నియు వీటి తరువాతివే. సభలోని న్యాయవాదులు ధరావతు నిక్షేపము కాదు, యజమాని దానిని వాడుకొనును గనుక అది యప్పువంటిదని యనవచ్చును. అట్లే యగుగాక. అప్పైనచో అది మొదటి వ్యవహారపదము, నిక్షేపమైనచో రెండవది. ఏది చెప్పినను తిరిగి యిచ్చు బాధ్యతనుండి తప్పించుకొను త్రోవ లేదు.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఈ విషయమై చెప్పిన సంగతులు మన ప్రస్తుతమునకు మిక్కిలి యుపయోగించును. తన దగ్గర నుంచిన సొమ్మును యజమాని అనుమతి లేక స్వేచ్ఛగా వాడుకొని బ్రతికినవాడు దండనార్హుడు. అతనిచే దానిని వృద్ధితోకూడ ఇప్పింపవలయును. రాజువలనగాని దైవవశమునగాని దొంగలవలనగాని ఆ సొమ్ము పోయినచో ఉంచుకొన్నవాడు దోషి గాడు. కాని సొంతదారు అడిగిన పిమ్మట ఇయ్యక జాగుచేయుచుండగా పోయినచో అతడే యిచ్చుకొనవలయును, దండమును చెల్లింపవలయును. అనగా అడుగువరకు ఒక బాధ్యత, అడిగిన తరువాత మరింత గొప్ప బాధ్యత. నేడు “రేపు రా, పండుగ తరువాత రా, క్రొత్తవాడు చేరిన పిమ్మట రా” అని త్రిప్పు యజమానులు ఈ భేదమును గమనింపవలయును.

దీనికంటెను ముఖ్యమైన సంగతి కాలమునుగూర్చినది. తన కండ్లయెదుట పరుడు అనుభవించుచుండగా సొంతదారు పలుకక యుండినచో నేల 20 సంవత్సరములకు, చరద్రవ్యము 10 సంవత్సరములకు చేయిజారునని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. వెంటనే యీ నియమము చెల్లనివాటిని పేర్కొనెను. తాకట్టు, పొలిమేర, నిక్షేపము, బాలుర సొమ్ము, బుద్ధిమాంద్యముగలవారి సొమ్ము, స్త్రీధనము మున్నగునవి యందు చేరినవి. నిక్షేపమును బాలుర సొమ్ముతో నొక వరుసను కూర్చుటలోని యాంతర్యమును ఆలోచింపుడు. బాలుడు అడుగలేడు. నిక్షేపమిచ్చినవాడు నమ్మి యడుగడు. అడుగకపోవుటను వదలుకొనుటగా ఎంచరాదని శాస్త్రాశయము. 30 సంవత్సరములు నోరెత్తని మన దుకాణదారునకు ఇది యక్షరాల వర్తించును.

ఇక వారసుల మాట. తల్లిదండ్రుల యనంతరము పుత్రులు ఆస్తిని, ఋణమును గూడ సమముగ పంచుకొనవలయునని ఆ స్మృతియే విధించుచున్నది. దానికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరావ్యాఖ్య కల్యాణ చాళుక్య చక్రవర్తియగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున పుట్టినది. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలో రచించెను. అనగా ఈ న్యాయము 700 సంవత్సరములకు పూర్వమే తెనుగువానికి తెనుగున అందినది. సంస్కృతము రాదను సాకు మనకు చెల్లదు.

శాస్త్రము నటుంచి నేటి శాసనములను చూతము. అద్దెలకు మూలాధారమైన ఆస్తి బదలాయింపు చట్టము 1882 నాటిది. ఒక సంవత్సరమునకు మించిన యద్దె ఒడంబడికను రిజిస్టరు చేయింపవలయునని దాని 107వ విభాగము చెప్పుచున్నది. ఆ వ్యయమునకు వెరచియే మనవారు 11 నెలల కరారు వ్రాసికొందురు. 11 నెలలు ముగియును. కొందరు క్రొత్త కాగితము వ్రాయుదురు, పెక్కుమంది వ్రాయరు. అద్దెదారు మాత్రము నెలనెల యద్దె యిచ్చుచు ఉండనే యుండును. ఇట్లు 20, 30 సంవత్సరములు గడచును. మొదటి కాగితమున ధరావతు మొత్తము వ్రాయబడియుండును గాని ఆ కాగితమే కనబడదు. తరువాతి కాగితములున్నచో వాటిలో అద్దె పెంచిన సంగతి తప్ప ధరావతు ప్రస్తావన యుండదు. చిరకాలపు అద్దెదారుల ధరావతు అపాయమున పడు మొదటి త్రోవ యిది.

రెండవ త్రోవ అమ్మకము. అద్దెదారు ఉన్న యింటిని అమ్మినప్పుడు అద్దె పుచ్చుకొను హక్కు కొన్నవానికి సంక్రమించును. ఆ చట్టమే 109వ విభాగమున, అద్దెదారు కోరినచో ఆ యాస్తికి సంబంధించిన బాధ్యతలును కొన్నవానికి సంక్రమించుననియు, అమ్మినంత మాత్రమున పాత యజమాని ఒడంబడికలోని బాధ్యతలనుండి విముక్తుడు కాడనియు చెప్పుచున్నది. ఆచరణమున జరుగునది వేరు. అమ్మినవాడు కొన్నవానిని అడుగుమనును. కొన్నవాడు తనకు ముట్టలేదనును. క్రయదస్తావేజులో ఒక్క పంక్తి వ్రాసియున్నచో ఈ తగవు పుట్టదు. మూడవ త్రోవ పంపకము. దానిని మా యింటి కథయే చెప్పినది.

నాలుగవ త్రోవ కోతలు. ఖాళీ చేయునాడు యజమాని గోడలు చూచి, సున్నమునకింత, తలుపు రంగునకింత, నేలపై గీతలకింత అని లెక్కచెప్పి ధరావతును కరగించును. 25 సంవత్సరములు మనుష్యులు నివసించిన యింటి గోడలు మాయకుండునా? వేరు ఒడంబడిక లేనిచో న్యాయమైన వాడుకవలన కలుగు అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 108వ విభాగము నందు స్పష్టముగ నున్నది. పగిలిన అద్దమునకు, ఊడదీసిన కొళాయికి, చెల్లింపని కరెంటు బిల్లునకు కోయుట న్యాయము. కాలము చేసిన పనికి అద్దెదారుని దండించుట న్యాయము గాదు.

అయిదవ త్రోవ రూపాయి విలువ తరుగుట. దీనిని ఎవ్వరును దొంగిలించినట్లు కనబడదు, కాని నష్టము మిక్కిలి గొప్పది. 1990లో 5,000 రూపాయలు ధరావతిచ్చినవానికి 2020లో అదే 5,000 రూపాయలిచ్చినచో కాగితముపై లెక్క సరిపోవును. ఆ సొమ్మే సాలుకు నూటికి 6 వంతున వడ్డీమీద వడ్డీతో పెరిగియున్నచో 28,717 రూపాయలై యుండెడిది. ఆ పెరుగుదల అంతయు యజమానికి దక్కినది. అద్దె మాత్రము కాలానుగుణముగ పెంచుచు, ధరావతును పుచ్చుకొన్ననాటి యంకెకే బిగించుట ఎట్టి న్యాయము?

ధరావతు ఎంత యుండవలయునను విషయమునను శాసనములు మాటలాడినవి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టము తనకు లోబడిన కట్టడముల విషయమున ఒక నెల యద్దెకు మించి ముందుగ పుచ్చుకొనరాదని నిర్బంధించెను. వాడుకలో దానిని పాటించినవారు అరుదు. 2021లో కేంద్రప్రభుత్వము ఒక ఆదర్శ అద్దె చట్టమును సిద్ధపరచి రాష్ట్రములకు పంపినది. రాష్ట్రములు తమంతట తాము స్వీకరించినగాని అది శాసనము గాదు. అయినను దానిలోని నియమములు మనకు మార్గము చూపగలవు. నివాసగృహమునకు 2 నెలల యద్దెకును, ఇతర కట్టడములకు 6 నెలల యద్దెకును మించి ధరావతు పుచ్చుకొనరాదు. న్యాయమైన కోతలు పోగా మిగిలిన మొత్తమును యజమాని కట్టడమును స్వాధీనపరచుకొను నాడే తిరిగి యియ్యవలయును. “రేపు రా” అను మాటకు దానియందు తావు లేదు.

ఇచ్చట మన పిల్లలు పోయి నివసించుచున్న దేశములలో నొకదానిని చూచుట మంచిది. ఇంగ్లాండులో చదువులకును ఉద్యోగములకును పోయిన మన యువకులు పెక్కురు అద్దె యిండ్లలో నున్నారు. అచ్చట 2004లో చేసిన గృహచట్టమును అనుసరించి 2007 ఏప్రిల్ 6వ తేదినుండి, సామాన్యముగ జరుగు నివాసపు అద్దెలలో యజమాని పుచ్చుకొనిన ధరావతును ప్రభుత్వామోదము పొందిన రక్షణ పథకమునకు లోపరచవలసి వచ్చినది. సొమ్మును పథకమువారి యొద్దనే యుంచుట ఒక పద్ధతి. తన యొద్దనే యుంచుకొని దానికి భీమా కట్టుట రెండవ పద్ధతి. దీనికి మొదట 14 దినములు, పిదప 30 దినములు గడువిచ్చిరి. ఆ పని చేయని యజమానిచే ధరావతునకు ఒక రెట్టు మొదలు మూడు రెట్ల వరకు అద్దెదారునకు ఇప్పించు నధికారము న్యాయస్థానమునకు కలదు.

అచ్చటను చిరకాలపు అద్దెదారుల చిక్కే వచ్చినది. చట్టము అమలులోనికి రాకమునుపు ధరావతిచ్చి, గడువు ముగిసిన పిమ్మట నెలనెల యద్దె చెల్లించుచు ఉన్నవారి మాటేమి? సొమ్ము 2007కు పూర్వమే పుచ్చుకొంటిమి గనుక మాకు బాధ్యత లేదని యజమానులు వాదించిరి. 2013లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము, గడువు ముగియగనే క్రొత్త యద్దె మొదలైనట్లనియు, పాత ధరావతు క్రొత్తదాని క్రింద మరల పుచ్చుకొన్నట్లే యనియు తీర్పుచెప్పెను. అట్లు 2007 తరువాత గడువు ముగిసి కొనసాగిన యద్దెల విషయమున, పాత ధరావతులను పథకమునకు లోపరచుకొనుటకు పార్లమెంటు 2015లో యజమానులకు 90 దినముల గడువిచ్చినది. మన పిల్లల సొమ్ము పరదేశమున నిట్లు రక్షింపబడవలయునని కోరుకొందుము గదా! మన గడపలో నున్న పరుల పిల్లల విషయమున వేరుగ ఎట్లు ప్రవర్తింతుము?

యజమానుల కష్టములను మేము ఎరుగనివారము గాము. కొందరు అద్దెదారులు ఆరు నెలల యద్దె బాకీపెట్టి రాత్రికి రాత్రి వెడలిపోవుదురు. కొందరు తుది నెలల యద్దెను తామే ధరావతులో సరిపుచ్చుకొని, కరెంటు బాకీని యజమానికి విడుతురు. షట్టరు తాళము వేసి ఏండ్లతరబడి కోర్టులలో త్రిప్పువారును కలరు. ధరావతు పుచ్చుకొనుటను మేము తప్పుపట్టుటలేదు. అది యజమానికి న్యాయమైన భద్రత. ఆ భద్రత అవసరము తీరిననాడు సొమ్ము సొంతదారుని చేరవలయుననుటయే మా మనవి. నష్టపరచినవాని ధరావతులో కోయుటకు యజమానికి ఎంత హక్కు కలదో, నష్టపరచనివాని ధరావతును పూర్తిగ నిచ్చుటకు అంత బాధ్యత కలదు. ఒకని తప్పునకు వేరొకని దండింపరాదు.

తక్కువ యద్దెకు ఇన్నియేండ్లు అనుభవించిరను వాదమునకును సమాధానము చెప్పవలసియున్నది. అద్దె తక్కువైనచో అది పెంచుకొనని యజమాని యిష్టము, లేదా అశ్రద్ధ. ఆ నష్టమును ధరావతులోనుండి వెనుకకు రాబట్టుకొందుమనుట, ఒడంబడికలో లేని యద్దెను చెప్పక వసూలుచేయుటయే. పైగా చిరకాలపు అద్దెదారు యజమానికి చేయు మేలును మరువరాదు. అతడున్నన్నాళ్లు గది ఖాళీగ లేదు, దళారికి రుసుము లేదు, నెల మొదటివారమున సొమ్ము తప్పలేదు. మా తండ్రిగారి జబ్బునాడు రాత్రి రెండు గంటలకు వైద్యునికొరకు పరుగెత్తినవాడు ఆ దర్జీయే.

కావున, సోదరులారా, మన సంఘ సభ్యులలోని యజమానులందరును ఈ క్రింది నియమములను తమంతట తాము పాటింపవలయునని మా ప్రార్థన.

మొదటిది: ధరావతు పుచ్చుకొనిననాడే మొత్తము, తేది, ఇరువురి సంతకములు గల రసీదు రెండు ప్రతులుగ వ్రాయవలయును. పాత అద్దెదారులకు రసీదు లేనిచో నేడైనను వ్రాసి యియ్యవలయును.

రెండవది: అద్దె ఒడంబడికను క్రొత్తగ వ్రాసినప్పుడెల్ల పాత ధరావతు ఎంతయో, అది కొనసాగుచున్నదో లేదో యందు ఎక్కింపవలయును.

మూడవది: ఆ సొమ్మును సంసారపు ఖర్చులలో కలుపక బ్యాంకులో వేరుగ నిలువచేయవలయును. వేరుగ ఉంచిన సొమ్మును తిరిగి యియ్యవలసిన నాడు అప్పు చేయనక్కరలేదు.

నాలుగవది: పంపకపు దస్తావేజులయందును, క్రయదస్తావేజులయందును, వీలునామాలయందును, ఫలానా యద్దెదారుల ధరావతు ఇంత, దానిని తిరిగి యియ్యవలసినవారు ఫలానా అని స్పష్టముగ వ్రాయవలయును. ఆ సంగతి అద్దెదారునకును తెలుపవలయును.

అయిదవది: చేరునాడును విడుచునాడును ఇరువురును కలిసి ఇల్లు చూచుకొని ఛాయాచిత్రములు తీసికొనవలయును. కోసిన ప్రతి రూపాయికిని కారణము కాగితముపై చూపవలయును. తాళపుచెవి అందిననాడే మిగిలిన సొమ్ము చేతికియ్యవలయును.

ఆరవది: అయిదు సంవత్సరములకు మించి యున్నవానికి బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీయైనను కలిపి యియ్యవలయును. దీనిని విధించు శాసనము మన వద్ద లేకపోయినను, వాడుకొనిన సొమ్మును వృద్ధితో నియ్యవలయునను ధర్మము కలదు.

అద్దెదారులైన మన యువకులకును ఒక మాట. రసీదు అడుగుటకు సిగ్గుపడకుడు. అద్దెను బ్యాంకు ద్వారా చెల్లింపుడు. ఖాళీ చేసినను యజమాని సొమ్మియ్యనిచో వ్రాతమూలకముగ అడుగుడు, కాగితమును దాచుకొనుడు. అడిగిన యెడల ఇయ్యవలసిన డిపాజిట్టు సొమ్మునకు, అడిగిన నాటినుండి 3 సంవత్సరములలో దావా వేయవలయునని 1963 నాటి కాలపరిమితి చట్టము చెప్పుచున్నది. నిక్షేపమునకు కాలదోషము లేదని శాస్త్రము చెప్పినను, న్యాయస్థానమున నేటి చట్టమే నడచును. మొగమోటముతో గడువు దాటనీయకుడు.

ఇక తుదిమాట మన సంఘ భవనమునుగూర్చి. ఈ యుపన్యాసము వ్రాయుటకు ముందు మేము కార్యదర్శిగారి యనుమతితో 1988 నాటి లెక్కల పుస్తకమును చూచితిమి. ఆనాడు చందాలు చాలక పైకప్పు పని నిలిచిపోయినది. అప్పుడు ఇంకను కట్టని దుకాణములకు ముందుగ ధరావతులు పుచ్చుకొని, ఆ సొమ్ముతో సిమెంటును ఇనుమును కొని కప్పు వేయించిరి. పద్దులు స్పష్టముగ నున్నవి. దాతల పేర్లను చలువరాతిపై చెక్కించితిమి. ఆ ఎనిమిదిమంది పేర్లు రాతిపై లేవు, పుస్తకములో మాత్రము కలవు. వారిలో మన కులమువారు ఇద్దరే. 35 సంవత్సరములకు పైగా మన పిల్లల పెండ్లిండ్లు, మన మహాసభలు వారి సొమ్ముతో వేసిన కప్పు క్రిందనే జరిగినవి. మా తల్లిగారు వంటయింటి పెంకును చూపి చెప్పిన మాటను నేడు మేము ఆ సభాశాల కప్పును చూపి చెప్పవలసివచ్చినది.

కావున భవనము పడగొట్టుటకు పూర్వమే ఆ యెనిమిది ధరావతులను వడ్డీతో లెక్కించి, ప్రస్తుతమున్న దుకాణదారులకుగాని గతించినవారి వారసులకుగాని చెల్లించుటకు ఈ మహాసభ తీర్మానింపవలయునని మేము ప్రతిపాదించుచున్నాము. నిర్మాణనిధిలో అంత సొమ్ము లేదని యనుకొన్నచో, క్రొత్త భవనమును ఒక సంవత్సరము ఆలస్యముగ మొదలిడుదము. నిధికి మొదటి చందాగా మా ఒక నెల పింఛనును నేడే కోశాధికారిగారికి అర్పించుచున్నాము. ఆనాటి సమావేశమున మౌనముగ నుండినందులకు ఇది మేము చెల్లించు దండముగ భావింపుడు.

 తీర్మానమును బలపరచుటకు ఎవరైనను లేచి నిలువగలరని యెదురుచూచుచు విరమించుచున్నాము.